మునిగిన ఓడలోని మనుషుల్ని ఎందుకు అన్నిసార్లూ పైకి తీసుకురారు?

మీ ప్రశ్నలో నిజానికి మూడు ప్రశ్నలున్నాయి. ఓడ మునిగి చనిపోయినవారి దేహాలను బయటకు తీయడానికి అడ్డువచ్చేది లోతా, డబ్బా అన్నది మొదటిది. ఏళ్లు గడిచాక నీటి అడుగున ఏమి మిగులుతుందన్నది రెండోది. మూడోదే మీకు అన్నిటికంటే ముఖ్యం. సరుకు ఓడలో పనిచేసే మీ మేనమామ కొడుకు ఆరు నెలల కిందట అరేబియా సముద్రంలో గల్లంతయ్యాడు. ఓడ తొంభై మీటర్ల లోతున ఉంది, తీయడం కుదరదు అని కంపెనీ చెప్పింది. ఇంట్లోవాళ్లు ఆ మాట నమ్మాలా, వద్దా?

నేను చాలాకాలం సాల్వేజ్ పనిలో ఉన్నాను. మునిగిన పడవలను, ఓడలను వెతికి లేపే పని అది. డైవరుగా మొదలై, తర్వాత పైనుంచి పని నడిపించే బాధ్యతకు వచ్చాను. వైద్యుణ్ణి కాను, న్యాయవాదిని కాను. మార్చురీ బయట, కలెక్టరాఫీసు వరండాలో కుటుంబాల పక్కన కూర్చోవలసి వచ్చిన మేరకు ఆ రెండు వైపుల సంగతులు తెలుసుకున్నాను.

లోతూ అడ్డే, డబ్బూ అడ్డే. కానీ కుటుంబాలను ఎక్కువకాలం బాధపెట్టేది, నేను చూసినంతలో, ఆ రెండూ కాదు. సర్వే కూడా జరగకముందే ఎవరో ఒకరు తొందరపడి ‘తెచ్చిస్తాం’ అనో, ‘అసాధ్యం’ అనో అనేయడం. మీ కంపెనీ చెప్పింది రెండో రకం మాట. దాన్ని తూచి చూడాలంటే నీటి అడుగున ఏమి జరుగుతుందో కొంత తెలియాలి. వినడానికి కష్టంగా ఉండే సంగతులే, అయినా అడిగారు కాబట్టి దాచకుండా రాస్తాను.

మనిషి దేహం సాధారణంగా ముందు మునుగుతుంది. లోపల కుళ్లడం మొదలై వాయువులు పుట్టాక ఉబ్బి పైకి తేలుతుంది. మన గోదావరిలోనో, బంగాళాఖాతం ఒడ్డునో ఉండే వెచ్చని నీటిలో ఇది కొద్ది రోజుల పని. చల్లని నీటిలో వారాలు పట్టవచ్చు. నాలుగు డిగ్రీల దగ్గర ఉండే నీటిలో కుళ్లబెట్టే సూక్ష్మజీవులు దాదాపుగా పనిచేయవు కాబట్టి అసలు తేలకపోవచ్చు. లోతు ప్రభావం వేరు. ప్రతి పది మీటర్లకూ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. వంద మీటర్ల అడుగున అదే వాయువు పదకొండో వంతు చోటులోకి నొక్కుకుపోతుంది. అందుకే లోతున మునిగినవారు లైఫ్ జాకెట్ లేకపోతే తమంతట తాము పైకి రావడం అరుదు.

లైఫ్ జాకెట్ ఉంటే కథ మారిపోతుంది. 2021 మే నెలలో తౌక్టే తుపానుకు ముంబై తీరానికి దూరంగా పి-305 అనే బార్జి (చదునైన పెద్ద నావ) మునిగింది. అందులో 261 మంది ఉన్నారు. నౌకాదళం, తీర రక్షక దళం ఆ అలల్లోంచే 180 మందికి పైగా ప్రాణాలతో బయటకు తెచ్చాయి. మృతుల్లో కొందరు రోజుల తర్వాత మహారాష్ట్రలోని రాయగఢ్ తీరానికీ, గుజరాత్‌లోని వల్సాడ్ తీరానికీ కొట్టుకొచ్చారు. ముఖాలు గుర్తుపట్టే స్థితిలో లేక చాలామందికి డీఎన్‌ఏ పరీక్షే దిక్కయింది. ప్రమాదం ఒకచోట, దేహం దొరికిన పోలీస్‌స్టేషను మరో రాష్ట్రంలో. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో పనికొస్తుంది.

ఓడ లోపల చిక్కుకున్నవారి సంగతి మరొకటి. వాయువు పుట్టి తేలినా, క్యాబిన్ పైకప్పును తాకి అక్కడే ఆగిపోతారు. అందుకే లోపల వెతికే డైవరు నేలకంటే ముందు పైకప్పును తడుముతాడు. చూస్తాడు అని రాయకుండా తడుముతాడు అనడానికి కారణముంది. మునిగిన ఓడలో బురద కదిలాక లైటు వెలుతురులో కూడా సొంత చెయ్యి కనిపించదు. పరుపులు, వైర్లు, తలుపులు, బియ్యం బస్తాలు అన్నీ గుండెల మీదికి వస్తాయి.

తెలుగువారికి ఈ విషయం దగ్గరగా తెలిసింది కచ్చులూరులో. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడటానికి బయలుదేరిన రాయల్ వశిష్ట బోటు, గోదావరిలో ఐదు లక్షల క్యూసెక్కుల పైచిలుకు వరద పారుతుండగా బోల్తాపడింది. బోటులో 77 మంది ఉన్నారని, 26 మంది బతికి బయటపడ్డారని లెక్క. ఆ బతికినవారిని ఒడ్డుకు చేర్చింది ముందుగా ఆ ఊరి గిరిజనులే. తర్వాతి రోజుల్లో కొందరి దేహాలు దిగువన ధవళేశ్వరం వైపు దాకా కొట్టుకుపోయి తేలాయి. మిగతావారు బోటులో ఉన్నారని అందరికీ తెలుసు. నీటి అడుగును శబ్దతరంగాలతో వెతికే సోనార్‌తో బోటు ఉన్న చోటూ తెలిసింది. కానీ ఆ సుడిలో డైవరును దించడం అంటే మరో శవాన్ని దించడమే. కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం ఇనుప తాళ్లు, లంగర్లు, పంటుతో పని మొదలుపెట్టింది. తాళ్లు తెగాయి, వరద పెరిగి పని ఆగింది, మళ్లీ మొదలైంది. విశాఖ నుంచి వచ్చిన డైవర్లు నీరు తగ్గాక దిగి బోటుకు తాళ్లు తగిలించారు. ప్రమాదం జరిగిన 38వ రోజున, అక్టోబరు 22న, బోటు ఒడ్డుకు వచ్చింది. లోపల మరికొన్ని దేహాలు దొరికాయి, బట్టలను బట్టీ వస్తువులను బట్టీ పేర్లు తేల్చవలసి వచ్చింది. టీవీ చూసేవాళ్లకు ఆ 38 రోజులూ అసమర్థతలా కనిపించాయి. పని తెలిసినవాళ్లకు మాత్రం అది నది తగ్గే దాకా పట్టిన కాలం. ఎవరి ప్రాణమూ పోకుండా పని ముగియడమే అక్కడ పెద్ద విషయమని నా అభిప్రాయం.

ఎందుకంటే ఈ పనిలో ప్రాణాలు పోతాయి. 2014 ఏప్రిల్ 16న దక్షిణ కొరియాలో సెవోల్ అనే ప్రయాణికుల ఓడ (ఫెర్రీ) మునిగింది. నలభై మీటర్లకు అటూఇటూ లోతే, కానీ భయంకరమైన ప్రవాహం. ఆ వెతుకులాటలో ఇద్దరు పౌర డైవర్లు చనిపోయారు. ఓడ కాకపోయినా ఇంకో ఉదాహరణ చెప్పాలి. దక్షిణాఫ్రికాలోని బూస్మాన్స్‌గాట్ అనే నీటిగుహలో 1994లో చనిపోయిన ఒక యువ డైవరు దేహాన్ని పదేళ్ల తర్వాత 270 మీటర్ల లోతున డేవ్ షా చూశాడు. ఆ తల్లిదండ్రులకు తెచ్చిస్తానని 2005 జనవరిలో మళ్లీ దిగాడు. ఎముకలే ఉంటాయి, సంచిలో పెట్టవచ్చు అనుకున్న దేహం డైవింగు సూటు లోపల మైనంలా మారి చెక్కుచెదరకుండా ఉంది, ముట్టుకోగానే తేలింది. దాంతో కుస్తీ పడుతూ, తాడులో చిక్కుకుని, ఆయన అక్కడే ప్రాణం వదిలాడు. కొద్ది రోజులకు సామగ్రిని పైకి లాగుతుంటే ఆ తాడుతోపాటు ఇద్దరి దేహాలూ పైకి వచ్చాయి. ఆ మైనపు మార్పు గాలి అందని తడిచోట్ల జరుగుతుంది. దేహంలోని కొవ్వు గట్టిపడి ఆకారాన్ని ఏళ్ల తరబడి నిలబెడుతుంది. నీటి అడుగున పదేళ్లయితే ఏమీ మిగలదు అని అలవోకగా చెప్పేవాళ్ల మాట అందుకే నమ్మను. అంతా మిగులుతుందనే మాటనూ నమ్మను.

ఇక మీ తొంభై మీటర్లు. మామూలు గాలి పీల్చుకుంటూ పనిచేసే వాణిజ్య డైవింగుకు యాభై మీటర్లు హద్దు. అది దాటితే హీలియం కలిపిన వాయువు కావాలి, గంటల తరబడి పని ఉంటే సాచురేషన్ డైవింగ్ కావాలి. అంటే డైవర్లు పైనున్న డైవింగు ఓడ మీద పీడనం నింపిన గదిలోనే వారాలపాటు ఉంటారు, గంట ఆకారపు తొట్టిలో కిందికి వెళ్లి పనిచేసి మళ్లీ ఆ గదికే చేరతారు. వంద మీటర్ల పీడనం నుంచి మామూలు గాలిలోకి రావడానికే నాలుగైదు రోజులు పడుతుంది. ఆ ఓడకు రోజువారీ అద్దె ఎంత ఉంటుందో ఊహించుకోవచ్చు. చమురు కంపెనీలు ఈ పద్ధతిని రోజూ వాడుతూనే ఉన్నాయి, మన సముద్రంలోని చమురు క్షేత్రం ముంబై హై దగ్గర కూడా వాడతారు. కాబట్టి తొంభై మీటర్ల లోతు ‘అసాధ్యం’ కాదు, ఖరీదైనది.

రష్యా జలాంతర్గామి కుర్స్క్ 2000 ఆగస్టు 12న బారెంట్స్ సముద్రంలో మునిగింది 108 మీటర్ల లోతునే. ఉన్న 118 మందిలో ఒక్కరూ బతకలేదు. అదే ఏడాది శరదృతువులో నార్వే, రష్యా డైవర్లు కలిసి జలాంతర్గామి కవచానికి రంధ్రాలు కోసి 12 మంది దేహాలను తెచ్చారు. అందులో ఒక అధికారి జేబులో కాగితం దొరికింది. పేలుళ్ల తర్వాత 23 మంది తొమ్మిదో గదిలోకి చేరారని చీకట్లో రాసిన చీటీ అది. అందరూ క్షణంలో పోయారన్న ఊహ అక్కడితో చెరిగిపోయింది. దేహం తేవడమంటే సంస్కారాలకోసం మాత్రమే కాదని చెప్పడానికి నాకు ఇంతకంటే పెద్ద సాక్ష్యం అక్కరలేదు. పదునైన ఇనుము, చలి వల్ల ప్రమాదం పెరిగి అక్కడ పని ఆపేశారు. మరుసటి ఏడాది, 2001 అక్టోబరులో, ముందుభాగాన్ని కోసేసి మిగతాది మొత్తంగా లేపారు. చివరికి 115 మంది పేర్లు తేలాయి.

అంత లోతులోనే ఉన్న మరో ఓడ విషయంలో దీనికి పూర్తిగా ఎదురు జరిగింది. 1994 సెప్టెంబరు 28న బాల్టిక్ సముద్రంలో ఎస్టోనియా ఫెర్రీ మునిగి 852 మంది చనిపోయారు. 94 మంది దేహాలే దొరికాయి. ఓడ ఎనభై మీటర్ల దగ్గర ఉంది. స్వీడన్ నాయకులు మొదటి రోజుల్లో ఓడను లేపుతాం, మనవాళ్లను తెస్తాం అన్నారు. డిసెంబరులో డైవర్లు దిగి చూశారు. పని సాధ్యమేనని తేలింది. అదే నెల 15న ప్రభుత్వం వద్దని నిర్ణయించింది. లోపల ఉన్న దేహాల స్థితి, డైవర్ల మనసు మీద పడే భారం, అందరినీ ఎలాగూ తేలేకపోవడం కారణాలుగా చెప్పారు. తర్వాత ఆ చోటును సమాధి స్థలంగా ప్రకటించి ఎవరూ దిగకుండా 1995లో ఒప్పందం చేసుకున్నారు. ఓడ మీద కాంక్రీటు కప్పేద్దామని కూడా చూశారు, కుటుంబాలు తిరగబడితే మానుకున్నారు. కారణాలు ఒక్కొక్కటీ తీసి చూస్తే తప్పుపట్టలేనివే. కానీ ముందు మాట ఇచ్చి తర్వాత వెనక్కి తీసుకున్నాక ఆ కారణాలను ఎవరు వింటారు? ఏదో దాస్తున్నారన్న అనుమానం ముప్పై ఏళ్లయినా చల్లారలేదు.

సెవోల్ విషయంలో కొరియా ప్రభుత్వం చివరికి లేపే దారి పట్టింది. మొత్తం 304 మంది పోగా 2014 నవంబరులో వెతుకులాట ఆపేనాటికి తొమ్మిది మంది ఆచూకీ లేదు. ఆ తొమ్మిది కుటుంబాలు పట్టుబట్టాయి. ఓడ ఉన్న చోట అడుగున కంచె వేసి, ఎముకలు కొట్టుకుపోకుండా చూసి, 2017 మార్చిలో ఓడను పైకి తెచ్చారు. బురదను జల్లెడ పట్టారు, ఓడ కింది సముద్రగర్భాన్ని గళ్లుగా విభజించి తవ్వారు. నలుగురి అవశేషాలు దొరికాయి. ఐదుగురివి దొరకలేదు. సాంకేతికంగా ఇంత శ్రద్ధగా చేసిన పనిని అధికారులు రెండుసార్లు మాటలతో పాడుచేశారు. మార్చిలో మనిషి ఎముకలు దొరికాయని ప్రకటించారు, గంటల్లోనే అవి జంతువులవని తేలింది. నవంబరులో నిజంగానే ఎముక దొరికితే, మరునాడు జరగాల్సిన అంత్యక్రియలు ఆగిపోతాయని ఐదు రోజులు దాచారు. దేహం లేకుండానే సంస్కారాలు చేసేందుకు సిద్ధమైన కుటుంబాలకు ఆ సంగతి తర్వాత తెలిసింది. మంత్రి క్షమాపణ చెప్పాడు.

ఏళ్ల తర్వాత ఏమి మిగులుతుంది అన్న దానికి ఒకే జవాబు లేదు. బురద కప్పితే మిగులుతుంది, తెరిచి ఉంటే పోతుంది, ఇదే ముఖ్యం. టైటానిక్ 3,800 మీటర్ల లోతున ఉంది. అక్కడ ఎవరికీ మనిషి ఎముకలు కనిపించలేదు. అంత లోతు నీరు ఎముకలోని కాల్షియాన్ని కరిగించేస్తుంది. మనిషి ఉన్న చోట జతగా పడి ఉన్న బూట్లు మాత్రం కనిపించాయి, సముద్రజీవులు తోలు జోలికి పోలేదు. మరోవైపు 1545లో ఇంగ్లండు తీరంలో మునిగిన మేరీ రోజ్‌లో సగం ఓడ బురదలో కూరుకుపోయింది. అందులో కనీసం 179 మంది అస్థికలు దొరికాయి. అమెరికా అంతర్యుద్ధంలో 1864లో మునిగిన హన్లీ జలాంతర్గామిని 2000లో లేపి చూస్తే ఎనిమిది మందీ తమ తమ స్థానాల దగ్గరే ఉన్నారు. వాళ్లకు 2004లో చార్లెస్టన్‌లో ఖననం జరిగింది. 140 ఏళ్లు!

పైకి తెచ్చాక పాడుచేసుకునేది మనమే. ఉప్పునీటిలో నానిన ఎముకను ఎండలో ఆరబెడితే లోపలి ఉప్పు స్ఫటికాలుగా మారి, ఉప్పు పట్టిన గోడ పెచ్చులూడినట్టు పొరలు పొరలుగా లేచిపోతుంది. తడిగానే ఉంచి, మంచినీళ్లు మారుస్తూ మెల్లగా ఉప్పు తీయాలి. నది ప్రమాదాలకు ఈ బాధ లేదు. సముద్రం పనికి మాత్రం మార్చురీ సిబ్బందికి ముందే చెప్పిపెట్టాలి.

దేహం దొరకడం ఒక ఎత్తు, పేరు దొరకడం మరో ఎత్తు. ఈ రెండో పనిలో ప్రపంచానికి దారి చూపింది మళ్లీ టైటానిక్కే. 1912 ఏప్రిల్‌లో కెనడాలోని హాలిఫాక్స్ నుంచి మెకే-బెనెట్ అనే, సముద్రంలో తంతి తీగలు వేసే ఓడ మంచు, శవపేటికలు, దేహాలను నిల్వ ఉంచే రసాయనాలు తీసుకుని బయలుదేరింది. 306 దేహాలు దొరికాయి. తెచ్చిన సరంజామా చాలలేదు. 116 మందిని సముద్రంలోనే సమాధి చేశారు. ఎవరిని ఒడ్డుకు తేవాలి, ఎవరిని నీటికి వదలాలి అన్న చోట టికెట్టు తరగతి పనిచేసింది. ఒడ్డుకు వచ్చినవారిలో మొదటి తరగతివారు ఎక్కువ, నీటికి వదిలినవారిలో మూడో తరగతివారు, సిబ్బంది ఎక్కువ. ఇది నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కానీ అదే ఓడ మీద గొప్ప పద్ధతి కూడా ఒకటి నడిచింది. ప్రతి దేహానికీ ఒక నంబరు, దాని జేబులోని వస్తువులన్నీ అదే నంబరు ఉన్న గుడ్డసంచిలోకి, పుట్టుమచ్చ నుంచి పచ్చబొట్టు దాకా వివరాలన్నీ అదే నంబరుతో పుస్తకంలోకి. నాలుగో నంబరు ఒక పసివాడిది. పేరు తెలియక నావికులే చందాలేసుకుని సమాధి కట్టించారు. 2002లో డీఎన్‌ఏ ఒక ఫిన్లాండ్ శిశువు పేరు చెప్పింది. మరింత లోతైన పరీక్షలు 2007లో దాన్ని సరిదిద్ది, ఇంగ్లండు నుంచి బయలుదేరిన కుటుంబంలోని 19 నెలల బాలుడని తేల్చాయి.

నంబరు తప్పితే ఏమవుతుందో అమెరికా యుద్ధనౌక ఓక్లహామా చూపించింది. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బర్‌లో అందులో 429 మంది పోయారు. ఓడను లేపేటప్పుడు, ఖననం చేసేటప్పుడు ఒకరి ఎముకలు మరొకరివాటితో కలిసిపోయాయి. దాదాపు నాలుగు వందల మంది పేరులేనివారుగా హవాయిలో ఖననమయ్యారు. 2015లో ఆ పేటికలన్నీ తవ్వి తీశారు. కుటుంబాల డీఎన్‌ఏ నమూనాలతో పోల్చి ఆరేళ్లలో 350 మందికి పైగా పేర్లు తిరిగి ఇచ్చారు. ఎనభై ఏళ్ల తర్వాత!

ఇప్పుడు దేశదేశాల పోలీసుల సంస్థ ఇంటర్‌పోల్ పద్ధతి చాలా దేశాల్లో నడుస్తోంది. బతికున్నప్పటి వివరాలకు పసుపు ఫారం, దేహం చెప్పే వివరాలకు గులాబీ ఫారం. వేలిముద్ర, పళ్లు, డీఎన్‌ఏ ఈ మూడింటిలో ఏదో ఒకటి కలవాలి. ముఖం చూసి, చొక్కా చూసి గుర్తుపట్టడాన్ని ఒంటరిగా నమ్మరు. దుఃఖంలో ఉన్నవాడు తనవాడని అనుకోవాలనే చూస్తాడు, ఒక కుటుంబం పొరపడితే రెండు కుటుంబాలు నష్టపోతాయి.

పసుపు ఫారం నింపేవాళ్లే లేకపోతే? 2015 ఏప్రిల్ 18న మధ్యధరాలో వలసదారుల చేపల పడవ ఒకటి మునిగింది. వందలమందిని కుక్కిన ఆ పడవలో 28 మందే బతికారు. ఇటలీ ప్రభుత్వం 2016లో 370 మీటర్ల లోతు నుంచి ఆ పడవను లేపి సిసిలీకి తెచ్చింది. అగ్నిమాపక సిబ్బంది వంతులవారీగా లోపలికి వెళ్లి దేహాలు తీశారు. మిలాన్‌కు చెందిన ఫోరెన్సిక్ వైద్యురాలు క్రిస్టినా కటానియో నాయకత్వంలో విశ్వవిద్యాలయాల వైద్యులు వాటిని పరీక్షించారు. ఒక కుర్రవాడి కోటు లోపల బడి మార్కుల కాగితం కుట్టి ఉంది. దేహాలు తీయమని ఏ చట్టమూ బలవంతం చేయలేదు. అయినా తీశారు. అందుకే ‘మీ తొంభై మీటర్లు అసాధ్యం’ అన్నప్పుడు నాకు ఈ 370 మీటర్లు గుర్తొస్తాయి.

అందరినీ తేవాలని నేను అనను. యుద్ధనౌకల విషయం వేరు. 1971 డిసెంబరు 9న డయ్యూ దగ్గర మునిగిన ఐఎన్‌ఎస్ ఖుక్రీతోపాటు 18 మంది అధికారులు, 176 మంది నావికులు వెళ్లిపోయారు. వారు అక్కడే ఉన్నారు. అదే యుద్ధంలో విశాఖ బయట మునిగిన పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ కూడా అక్కడే ఉంది. 2024లో మన నౌకాదళపు లోతునీటి రక్షణ వాహనం దాన్ని గుర్తించినా, మృతులకు గౌరవంగా తాకకుండా వదిలేశారు. ఆర్కే బీచిలో సాయంత్రం తిరిగేవాళ్లలో ఎంతమందికి తెలుసో గానీ, ఎదురుగా ఉన్న నీటిలో తొంభై మందికి పైగా శత్రుదేశపు నావికుల సమాధి ఉంది. దాన్ని కదపకపోవడం సరైనదే. కుటుంబాలే వద్దన్నప్పుడు కూడా వదిలేయవచ్చు. 2009లో అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానాన్ని రెండేళ్ల తర్వాత 3,900 మీటర్ల లోతున కనుక్కున్నప్పుడు, తేవాలని కొందరు, కదపవద్దని కొందరు బంధువులు వాదించారు. ఫ్రాన్స్ 104 మందిని పైకి తెచ్చింది, 74 మంది అక్కడే ఉండిపోయారు.

ఇక మీ ఇంటి విషయం. చట్టం గురించి ఒక చేదు నిజం ముందు చెప్పాలి. మునిగిన ఓడను తొలగించమని యజమానిని బలవంతపెట్టే నైరోబీ ఒప్పందం ఉంది, భారత్ కూడా అందులో ఉంది. కానీ అది ఇతర ఓడల దారికి అడ్డం వచ్చినప్పుడో, చమురు కారుతున్నప్పుడో పనిచేస్తుంది. లోపల మనుషులున్నారన్న ఒక్క కారణంతో యజమాని మెడ మీద కత్తి పెట్టే నిబంధన అందులో లేదు. కాబట్టి కంపెనీతో వాదన ‘మీ బాధ్యత’ అన్న చోట మొదలుపెడితే ఓడిపోతారు. ‘సర్వే చూపించండి’ అన్న చోట మొదలుపెట్టండి. ఓడ మునిగాక బీమావాళ్లు చాలాసార్లు పైనుంచి నడిపే కెమెరా వాహనంతో వీడియో తీయిస్తారు. ఆ వీడియో ఉందా, ఓడ ఏ పక్కకు ఒరిగి ఉంది, సిబ్బంది గదులున్న భాగం నలిగిపోయిందా, నిలిచి ఉందా, ప్రమాద సమయానికి మీవాడి డ్యూటీ ఎక్కడ, చివరిగా ఎవరు చూశారు? బతికి బయటపడినవారి వాంగ్మూలాలు షిప్పింగ్ డైరెక్టర్ జనరల్ కార్యాలయం చేసే విచారణలో ఉంటాయి. ఓడ విదేశీ జెండాదైతే, అంటే వేరే దేశంలో రిజిస్టరై ఉంటే, ఆ దేశపు విచారణ నివేదిక కూడా అడగండి. మీవాడు డెక్ మీద ఉన్నట్టు తేలితే ఓడలో వెతకడం వృథా. ఇంజన్ గదిలో ఉన్నట్టు తేలితే అడగడానికి అర్థముంది. ఈ వివరం తెలియకుండా ఓడను లేపండి అని ధర్నాకు కూర్చోవద్దని నా సలహా.

ఆశ పూర్తిగా వదలవలసిన పనీ లేదు. 2012 జనవరిలో ఇటలీ తీరంలో ఒరిగిపోయిన కోస్టా కాంకోర్డియా విహారనౌకలో 32 మంది చనిపోయారు. అందులో చివరిగా దొరికింది ముంబైకి చెందిన ఒక వెయిటరు. ఓడను నిలబెట్టి, జెనోవాకు లాక్కెళ్లి, ముక్కలు చేస్తుండగా 2014 నవంబరులో, దాదాపు మూడేళ్లకు ఒక క్యాబిన్‌లో అవశేషాలు కనిపించాయి. ఆ మూడేళ్లూ పట్టు వదలకుండా తిరిగిన సోదరుడున్నాడు కాబట్టి, సిబ్బంది ఆ పేరును మరచిపోలేదు.

మరణ ధ్రువపత్రం కోసం ఏడేళ్లు ఆగాలి అని మీకు ఎవరో చెప్పారు. భారతీయ సాక్ష్య అధినియమ్ 111వ సెక్షన్ ప్రకారం ఏడేళ్లు కబురు లేకపోతే మరణించినట్టు భావించవచ్చు, ఆ మాట నిజమే. అయితే మునిగిన ఓడలో ఉన్నట్టు రికార్డు ఉన్నవాడికీ, ఊరు వదిలి వెళ్లి కనిపించకుండా పోయినవాడికీ తేడా ఉంది. 2013 ఉత్తరాఖండ్ వరదల తర్వాత ఇలాంటి గల్లంతైనవారికి విచారణ జరిపి ముందుగానే ధ్రువపత్రం ఇచ్చే పద్ధతిని ప్రభుత్వం ఏర్పాటు చేసింది. షిప్పింగ్ అధికారుల నివేదిక, సిబ్బంది జాబితా చేతిలో పెట్టుకుని కలెక్టరును, అవసరమైతే హైకోర్టును ఆశ్రయించవచ్చు. నష్టపరిహారం కాగితాల మీద సంతకం చేసేముందు నౌకా చట్టం తెలిసిన న్యాయవాదికి చూపించండి. ఓడ ఉద్యోగం కుదిర్చిన ఏజెన్సీవాళ్లు తెచ్చే కాగితాల్లో ‘ఇక ఏ క్లెయిమూ ఉండదు’ అన్న వాక్యం ఎక్కడో ఒకచోట నక్కి ఉంటుంది.

సంస్కారాల గురించి ఇంట్లో గొడవ జరుగుతోందని రాశారు. దేహం లేకుండా ఎలా చేస్తామని మీ మామయ్యగారు అంటున్నారు. దేహం దొరకనప్పుడు దర్భలతోనో మోదుగాకులతోనో మనిషి ఆకారం చేసి దహనం జరిపించే విధి మన ధర్మశాస్త్రాల్లో పాతకాలం నుంచే ఉంది. సముద్రాన్ని నమ్ముకున్న సమాజాలకు ఇలాంటి ఏర్పాటు తప్పలేదు. చేయాలా వద్దా అన్నది ఆయన ఇష్టం. చేస్తే కేసు బలహీనపడుతుందేమో అన్న భయం మాత్రం అక్కరలేదు.

అన్నిటికంటే ముందు చేయవలసింది ఇంకొకటి. పి-305 సంగతిలో చూశారు కదా, దేహం ఏ రాష్ట్రం ఒడ్డుకు చేరుతుందో తెలియదు. గుజరాత్, మహారాష్ట్ర, గోవా, కర్ణాటక, కేరళ తీర పోలీసుల దగ్గర గుర్తుతెలియని మృతదేహాల రికార్డులు ఉంటాయి, పోస్టుమార్టంలో దాచిన నమూనాలుంటాయి. ప్రమాదం జరిగిన తేదీ తర్వాత నమోదైనవాటితో పోల్చమని రాతపూర్వకంగా అడగండి. అడగడానికి మీ వైపు నమూనా సిద్ధంగా ఉండాలి. తల్లిదండ్రులిద్దరి డీఎన్‌ఏ ఉంటే పోలిక గట్టిగా ఉంటుంది. అన్నదమ్ములది ఉన్నా పనికొస్తుంది గానీ అంత బలం ఉండదు. తల్లి వైపు నుంచి వచ్చే ఒక రకం డీఎన్‌ఏ, పాడైన ఎముకల్లో కూడా ఎక్కువకాలం నిలుస్తుంది. మీవాడు వాడిన దువ్వెన, రేజరు, పళ్ల డాక్టరు తీసిన ఎక్స్‌రే ఏది ఉన్నా కడగకుండా, పారేయకుండా కాగితపు కవర్లో పెట్టండి, ప్లాస్టిక్‌లో వద్దు, చెమ్మకు పాడవుతుంది. అత్తయ్యగారి ఆరోగ్యం బాగాలేదని రాశారు. పోలీసుల ద్వారా ఫోరెన్సిక్ ల్యాబుకు ఆమె నమూనా ఇప్పించే పనిని వచ్చే నెలకు వాయిదా వేయకండి.